సైటు తెరుచుకోదు, పప్పు ఉడకదు: లక్షణం నుంచి కారణం దాకా

తిరుపతిలో నేను వెబ్‌సైట్లు చూసిపెట్టే చిన్న వ్యాపారుల్లో సగం మంది ఇంట్లో వండి అమ్ముకునేవారే. బైరాగిపట్టెడలో పొడులు, ఊరగాయలు చేసే ఒక పెద్దావిడ, కొర్లగుంటలో పూటకు ముప్పై క్యారియర్లు కట్టి పంపే దంపతులు, లీలామహల్ కూడలి దగ్గర సాయంత్రాలు సంగటి అమ్మే ఒక కుటుంబం, వీరంతా శాకాహారమే వండుతారు. నాకూ వంట అలవాటే గనుక, ఫోను మోగితే వచ్చేది తెర మీది సమస్యో పొయ్యి మీది సమస్యో ముందుగా చెప్పలేను. రెండింటికీ నేను పాటించే పద్ధతి ఒక్కటే. కంటికి కనిపించినదాన్ని ఉన్నదున్నట్టు రాసుకోవాలి, ఆ తరువాత ఒకసారికి ఒక్కదాన్నే మార్చి చూడాలి. కంగారులో మూడు మార్పులు కలిపి చేసినవారికి సమస్య తీరినా ఏది తీర్చిందో తెలియదు. అది మళ్లీ వచ్చిన రోజున మొదటి నుంచి వెతుక్కోవలసిందే.

"సైటు పోయింది స్వామీ"

"పోయింది" అనే ఒక్క మాట కింద కనీసం మూడు వేర్వేరు జబ్బులుంటాయి. అందుకే తెర మీద ఏమి రాసి ఉందో ఫొటో తీసి పంపమంటాను. అసలు ఆ చిరునామాయే దొరకలేదని బ్రౌజర్ చెబితే డొమైన్ వైపు, అంటే సైటుకు కొనుక్కున్న పేరు వైపు చూడాలి. 500, 503 వంటి అంకెలు కనిపిస్తే చిరునామా సరిగానే ఉంది, తేడా సైటును దాచి ఉంచే కంప్యూటరులో, అంటే సర్వర్‌లో వచ్చింది. కనెక్షన్ సురక్షితం కాదన్న హెచ్చరిక వస్తే అది సైటు అసలుదేనని బ్రౌజర్‌కు రుజువు చేసే సర్టిఫికెట్ సంగతి. వీటన్నిటికన్నా ముందు వైఫై ఆపి, మొబైల్ డేటాతో ఒకసారి తెరిచి చూడాలి. అప్పుడు తెరుచుకుంటే సైటుకు ఏ రోగమూ లేదు. రౌటరును ఒకసారి ఆపి పెడితే చాలావరకు సరిపోతుంది.

చిరునామా దొరకనప్పుడు నేను మొదట చూసేది గడువు తేదీ. డొమైన్ల నమోదు సమాచారం చూపే హూయిజ్ వివరాల్లో అది ఎవరికైనా కనిపిస్తుంది. డాట్ కామ్ వంటి పేర్ల గడువు ముగియడానికి సుమారు నెల ముందు ఒకసారి, వారం ముందు మరొకసారి ఆ పేరు అమ్మిన సంస్థ, అంటే రిజిస్ట్రార్, గుర్తుచేయాలన్నది డొమైన్ పేర్లను పర్యవేక్షించే ఐకాన్ సంస్థ నిబంధన. అయినా యజమానికి తెలియకుండా ఎలా పోతుందన్న అనుమానం సహజమే. బస్టాండు దగ్గరి ఒక లాడ్జి సైటు మూతపడినప్పుడు వెతికితే, ఆ మెయిళ్లన్నీ ఐదేళ్ల కిందట సైటు కట్టి ఆపైన బెంగళూరు వెళ్లిపోయిన కుర్రవాడికి చేరుతున్నాయని తేలింది. గడువు దాటినంత మాత్రాన డాట్ కామ్ పేరు వెంటనే పరుల పాలు కాదు. రిజిస్ట్రార్‌ను బట్టి గరిష్ఠంగా 45 రోజుల దాకా వెసులుబాటు ఉండవచ్చు, ఆ తరువాతి 30 రోజుల్లో అదనపు రుసుము కట్టి తిరిగి తెచ్చుకోవచ్చు, చివరి 5 రోజుల్లో ఎవరూ ఏమీ చేయలేరు, ఆపై దాన్ని ఎవరైనా కొనుక్కోవచ్చు. కాబట్టి డొమైన్ ఖాతాలో యజమాని రోజూ చూసుకునే మెయిలు, యజమాని సొంత ఫోను నంబరు ఉండాలి. నావి ఉండకూడదు, నన్నూ రేపు మార్చవలసి రావచ్చు.

గడువు ఉన్నా చిరునామా దొరకకపోతే, ఆ పేరు ఏ సర్వర్‌కు చేరాలో చెప్పే నేమ్‌సర్వర్లను ఎవరైనా ఈమధ్య మార్చారేమో అడగాలి. ఈ తప్పు నేనే ఒకసారి చేశాను. వైకుంఠ ఏకాదశికి రెండు రోజుల ముందు, ఊరంతా యాత్రికులతో నిండుతున్న వేళ, ఒక ఖాతాదారు సైటును కొత్త హోస్టింగుకు, అంటే సర్వర్ అద్దెకిచ్చే వేరే సంస్థకు మార్చి, నేమ్‌సర్వర్లు మార్చాను. సైటు చక్కగా తెరుచుకుంది. మెయిలు ఎక్కడికి చేరాలో చెప్పే ఎంఎక్స్ నమోదులను మాత్రం కొత్తచోట రాయడం మరిచాను. మరునాటి మధ్యాహ్నం దాకా గదుల కోసం వచ్చిన మెయిళ్లన్నీ తిరుగుటపాలో వెనక్కి వెళ్లాయి. నమోదును ఎన్ని సెకన్లు గుర్తుంచుకోవాలో చెప్పే అంకె 86400 అని ఉంటే పాత సమాచారం ఒక రోజంతా జ్ఞాపకంలో నిలిచి ఉంటుందని అర్థం. మార్పుకు ముందురోజే దాన్ని 300కు తగ్గించి, పాత నమోదులన్నిటినీ కాగితం మీద ఎక్కించుకుంటే ఈ తిప్పలు రావు.

సురక్షితం కాదన్న హెచ్చరిక

ఇది చిన్న సంగతి. ఒక్క ఫోనులోనే హెచ్చరిక వస్తుంటే ఆ ఫోను తేదీ చూడాలి, తేదీ వెనుకబడి ఉంటే మంచి సర్టిఫికెట్ కూడా చెల్లనిదిగా కనిపిస్తుంది. అన్ని ఫోన్లలోనూ వస్తుంటే చాలావరకు సర్టిఫికెట్ గడువు తీరిందన్నమాట. చిన్న సైట్లలో ఎక్కువగా వాడే లెట్స్ ఎన్‌క్రిప్ట్ ఉచిత సర్టిఫికెట్లు 90 రోజులే పనిచేస్తాయి. తమంతట తామే మారేలా అమర్చినా, హోస్టింగు మారినప్పుడు ఆ అమరిక తెగిపోతుంటుంది. గడువు ముగుస్తోందని ముందుగా వచ్చే మెయిళ్లను ఆ సంస్థ 2025 జూన్‌లో ఆపివేసింది. కాబట్టి 60 రోజులకొకసారి తేదీ చూసుకోవడం మనమే పెట్టుకోవలసిన అలవాటు.

ఆర్డర్లు వస్తున్నాయి, మెయిలు రావడం లేదు

పొడులు చేసే పెద్దావిడ ఒకనాడు ఫోను చేసి, "నాయనా, వారం దినాలుగా ఒక్క ఆర్డరూ రాలేదు, జనానికి మన పొడి విసుగు పుట్టిందేమో" అన్నారు. పొడి తప్పేమీ లేదు. తొమ్మిది ఆర్డర్లు ఆమె స్పామ్ పెట్టెలోనే పడి ఉన్నాయి. ఫారం నింపిన కొనుగోలుదారు జీమెయిల్ చిరునామానే పంపినవారి స్థానంలో పెట్టి, మన సర్వర్ మెయిలు పంపుతుండేది. వేరొకరి ఇంటి పేరు చెప్పుకుని తలుపు కొట్టేవాడిని ఎవరు లోపలికి రానిస్తారు? మెయిలు తీసుకునే సర్వర్ కూడా అంతే. పంపినవారి స్థానంలో మన డొమైన్ చిరునామాను, జవాబు వెళ్లవలసిన స్థానంలో కొనుగోలుదారు చిరునామాను పెట్టడంతో ఆ సమస్య తీరింది.

మనం పంపే రసీదులు అవతలివారి స్పామ్‌లో పడుతుంటే, మన పేరుతో మెయిలు పంపే హక్కు ఎవరికుందో చెప్పే ఎస్పీఎఫ్, మెయిలుకు సంతకంలా పనిచేసే డీకిమ్ నమోదులను పరిశీలించాలి. 2024 ఫిబ్రవరి నుంచి జీమెయిల్, యాహూ ఈ విషయంలో కట్టుదిట్టం చేశాయి. నాకు తరచుగా ఎదురయ్యే తప్పు ఒక డొమైన్‌కు రెండు ఎస్పీఎఫ్ వరుసలు ఉండడం: మొదటిది హోస్టింగు వారు రాసినది, రెండోది తరువాత వచ్చిన మెయిల్ సేవవారు చేర్చమన్నది. రెండుంటే రెండూ చెల్లవు. వాటిని ఒకే వరుసగా కలిపి రాయాలి. ఆ వరుసలో డొమైన్ నమోదులుండే డీఎన్ఎస్‌ను వెతికించే ప్రస్తావనలు పదికి మించకూడదు.

తెలుగు గజిబిజిగా కనిపిస్తోంది

అక్షరాలు ఎలా చెడ్డాయన్నదే ఇక్కడ కారణాన్ని చెబుతుంది కాబట్టి, దిద్దడానికి ముందు తెరను తేరిపార చూడాలి. డబ్బాలు కనిపిస్తే ఆ పరికరంలో తెలుగు ఫాంటు లేదు, సైటుకు ఫాంటును జతచేస్తే చాలు. నెత్తిన గీత ఉన్న ఇంగ్లిషు "ఏ" అక్షరం, దాని పక్కన డిగ్రీ గుర్తో ప్లస్-మైనస్ గుర్తో పదేపదే కనిపిస్తే సంతోషించండి, రాసినదేదీ పోలేదు. అక్షరాలను కంప్యూటరులో అంకెలుగా దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కో తెలుగు అక్షరానికీ, గుణింతపు గుర్తుకూ మూడేసి బైట్లు పడతాయి. బ్రౌజర్ వాటిని లాటిన్ పద్ధతిలో విడివిడిగా చదివినప్పుడు ప్రతి అక్షరం మొదటి బైటూ ఆ గీత ఉన్న "ఏ"గా కనిపిస్తుంది. పేజీ తలభాగంలో అక్షర సంకేతం యూటీఎఫ్-8 అని ప్రకటిస్తే తెలుగు తిరిగి వస్తుంది. వరుసగా ప్రశ్నార్థకాలు కనిపిస్తే మాత్రం దుఃఖించవలసిందే. దాచేటప్పుడే డేటాబేసు ఆ అక్షరాలను పోగొట్టింది. పట్టిక సంకేతాన్ని మార్చి, బ్యాకప్ నుంచి తెచ్చుకోవాలి, లేదా మళ్లీ టైపు చేయాలి.

నాలుగో రకం మన ఊళ్లో చాలా ఎక్కువ. ప్రెస్సులో కరపత్రం కోసం అను ఫాంటులో కట్టిన పాఠాన్ని అలాగే సైటులో అతికిస్తారు. అది ప్రెస్సు కంప్యూటరులో "ఉసిరికాయ ఊరగాయ" అని ముద్దుగా కనిపించినా, లోపల ఉన్నది తెలుగు కాదు, తెలుగు వేషం వేసిన ఇంగ్లిషు సంకేతాలు. అన్ని పరికరాల్లోనూ తెలుగుగానే చదవగలిగే యూనికోడ్‌లోకి మార్చే సాధనాలున్నాయి గాని, మార్చాక ఒత్తులను, "క్ష"లను కన్నుతో ఒకసారి సరిచూడనిదే నేను పేజీని బయట పెట్టను.

ఒక వింత కూడా చెప్పాలి. ఒక అభిప్రాయం "చాలా బాగుంది అమ్మా" దగ్గర ఆగిపోయి, మిగతా నాలుగు వాక్యాలు మాయమయ్యాయి. ఆ మాట తరువాత రాసినాయన నమస్కారం బొమ్మ పెట్టాడు. మైఎస్‌క్యూఎల్ అనే డేటాబేసు పాత పట్టికల్లో అక్షరానికి మూడు బైట్లకే చోటు; తెలుగు సరిపోతుంది, నాలుగు బైట్లు కావలసిన బొమ్మ దగ్గర పాఠం తెగిపోతుంది. పట్టికను నాలుగు బైట్లూ పట్టే యూటీఎఫ్8ఎంబీ4కు మార్చితే తీరుతుంది.

పప్పు ఉడకదు

కొర్లగుంట దంపతులు ఇల్లు మారిన వారం నుంచి కందిబేడలు ఆరు విజిల్సుకూ మెత్తబడలేదు. ఆయన కొట్టువాడిని తిట్టాడు, ఆమె కుక్కరు రబ్బరు మార్చింది. కారణాలుగా అనుమానించదగినవి మూడు. నిల్వ ఉండి గట్టిపడిన పాత బేడలు ఒకటి, ఉడకకముందే వేసిన చింతపండు లేదా టమోటా రెండు, బోరునీళ్లు మూడు. పప్పు మెత్తబడడమంటే దాని కణాలను అంటిపెట్టి ఉంచే పెక్టిన్ కరగడమే. పులుపు ఆ కరగడాన్ని నెమ్మదింపజేస్తుంది, కఠినజలంలోని కాల్షియం, మెగ్నీషియం దాన్ని మరింత బిగిస్తాయి.

వారి చేత నేను చేయించినది ఇంతే. అదే సంచిలోని బేడలను రెండు చిన్న గిన్నెల్లో సమంగా పోసి, ఒకదానిలో కొత్త ఇంటి బోరునీళ్లు, మరొకదానిలో క్యాను నీళ్లు పోసి, రెంటినీ ఒకే కుక్కరులో, ఒకే మంట మీద పెట్టించాను. తీసి చూస్తే క్యాను నీళ్ల గిన్నెలో పప్పు గరిటె తగలగానే విడిపోయింది, బోరునీళ్ల గిన్నెలో బేడలు బేడలుగానే ఉన్నాయి. కొట్టువాడికీ రబ్బరుకూ విముక్తి లభించింది. రెండు గిన్నెలూ గట్టిగానే ఉండిపోతే బేడలు పాతవని తేలేది. పరిష్కారంగా పప్పుకు మాత్రం మంచినీళ్లు వాడి, గంటసేపు నానబెట్టి, ఉడికాకే చింతపండు రసం కలపాలి. చిటికెడు వంటసోడా వేసినా పప్పు మెత్తబడుతుంది గాని, అది బీ1 విటమిన్‌ను పాడుచేస్తుంది, రుచిలోనూ తెలిసిపోతుంది. రోజూ క్యారియర్లు పంపేవారికి నేను దాన్ని సూచించను.

పొడి డబ్బాలో గడ్డకట్టడానికి కారణం దాదాపు ఎప్పుడూ ఒకటే: వేయించిన పప్పులు, మిరపకాయలు చల్లారకముందే దంచి మూతపెట్టడం. పళ్లెంలో పరిచి, అరచేయి ఆనిస్తే వెచ్చదనం తగలనప్పుడు డబ్బాకెత్తాలి.

సంగటిలో ఉండలు

సంగటి ముద్ద విరిస్తే లోపల పొడి పిండి కనిపించడమంటే ఆవిరి తగలకముందే కలియబెట్టారన్నమాట. ఎక్కువ మంది పిండి చాలలేదనో, నీళ్లు చాలలేదనో అనుకుంటారు. గ్లాసు బియ్యానికి రెండు గ్లాసుల రాగిపిండి, ఆరేడు గ్లాసుల నీళ్లు పెట్టుకుంటే కొలత సరిగానే ఉన్నట్టు. నానిన బియ్యం మెత్తగా ఉడికి, పైన ఇంకా నీళ్లు నిలిచి ఉన్నప్పుడే మంట తగ్గించి, పిండిని మధ్యలో గుట్టగా పోయాలి. తెడ్డు కాడతో ఆ గుట్టలో అడుగుదాకా ఒక రంధ్రం చేస్తే, ఉడుకుతున్న నీళ్లు ఆ దారినే బుసబుసమని పైకి తన్నుతాయి. మూతపెట్టి పది నిమిషాలు కదిలించకూడదు. పిండి రంగు ముదిరి, పచ్చివాసన పోయాక దించి, గిన్నెను కాళ్లతో అదిమిపట్టి గట్టిగా గెలకాలి.

ఇప్పటికే ఉండలు కట్టి ఉంటే దోసెడు వేడినీళ్లు చిలకరించి, సన్నని సెగ మీద మూతపెట్టి ఐదు నిమిషాలుంచి, ఉండలను గిన్నె అంచుకేసి చిదమాలి. చన్నీళ్లు పోస్తే అవి మరింత బిగుసుకుంటాయి. పలుచనైతే పచ్చి పిండి కలపవద్దు, మూత తీసి సెగ మీదే ఇగరనివ్వండి. తడిచేసిన వేలితో తాకినప్పుడు సంగటి వేలికి అంటకపోతే, ఊరుబిండి (వేరుశనగ పచ్చడి) గిన్నె పక్కన పెట్టుకుని వడ్డించవచ్చు.