గీజర్‌కు అదనపు లోడు: బిల్లు మీది పేరు దగ్గర ఆగిపోతున్న దరఖాస్తులు

కార్తీక స్నానాలు మొదలయ్యేసరికి వరంగల్, హనుమకొండ ఎలక్ట్రికల్ షాపుల్లో గీజర్ల బేరం ఊపందుకుంటుంది. ఆదిలాబాద్, ఆసిఫాబాద్ వైపైతే రూమ్ హీటర్లు కూడా. వాటి వెనకే మీటరు దగ్గర ఫ్యూజులు కాలడం, "లోడు పెంచాలె, ఆఫీసుల నేను చూసుకుంట" అంటూ ఎవరో ఒకరు గడప దగ్గరికి రావడం మామూలైపోయింది. ఆ పని మీరే చేసుకోవచ్చు.

ముందు అది లోడు సమస్యేనా అని తేల్చుకోండి. గీజర్ వేయగానే ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సరఫరా ఆపేసే స్విచ్చి) పడిపోతుంటే లోడుకూ దానికీ సంబంధం లేదు. బోరు నీళ్ల సున్నం పేరుకుని కాయిల్ పగిలి, కరెంటు నీళ్లలోకి లీకవుతూ ఉండొచ్చు. కాయిల్ మార్చేదాకా అది పడుతూనే ఉంటుంది. ఆర్‌సీసీబీ తీసేసి నేరుగా కలిపిస్తే మాత్రం ప్రాణం మీదికి వస్తుంది. కొన్ని నిమిషాలు నడిచాక ఎంసీబీ (కరెంటు మోతాదు మించితే ఆపేసే స్విచ్చి) పడినా, ప్లగ్గు కాలిన వాసన వచ్చినా ముందు వైరింగు చూడాలి. 2 కిలోవాట్ల గీజర్ సుమారు 9 ఆంపియర్లు, 3 కిలోవాట్లది 13 ఆంపియర్లు లాగుతుంది. ఫ్యాన్లకు వేసిన సన్నని వైరు, 6 ఆంపియర్ల సాకెట్ దానికి ఆగవు. 16 ఆంపియర్ల సాకెట్, 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు (3 కిలోవాట్లకైతే 4), పనిచేసే ఎర్తింగ్ కావాలి. ఇదంతా మీ ఎలక్ట్రీషియన్ పని, కరెంటు ఆఫీసుది కాదు.

వైరింగు బాగున్నాక కరెంటు బిల్లు తీయండి. కాంట్రాక్టెడ్ లోడు అంటే మీకు మంజూరైనది. ఆర్ఎండీ అంటే ఆ నెలలో మీ ఇల్లు వాడిన గరిష్ఠ లోడు. పాత ఇళ్లకు చాలావాటికి 1 కిలోవాటే మంజూరై ఉంటుంది, అంటే ఒక్క 2 కిలోవాట్ల గీజర్‌తోనే గీత దాటినట్టు. అది మీటర్లో నమోదవుతుంది కాబట్టి నోటీసు వచ్చేదాకా ఆగకుండా ముందే అడగడం మేలు. గీజర్, ఇస్త్రీ పెట్టె, ఒక హెచ్‌పీ మోటరు (సుమారు 750 వాట్లు) కలిసి నడిచే ఇల్లయితే ఆ మూడూ కూడి లెక్క వేసుకోండి. మొత్తం 5 కిలోవాట్లు దాటితే సాధారణంగా త్రీ ఫేజ్ మాట వస్తుంది. అంత అవసరం లేని ఇంటికి ఎక్కువ రాయించుకోకండి, ఫిక్స్‌డ్ చార్జీ కిలోవాటు లెక్కనే పడుతుంది.

దరఖాస్తు పెద్ద పనేం కాదు. ఉత్తర తెలంగాణ కరెంటు పంపిణీ సంస్థ టీజీఎన్‌పీడీసీఎల్ వెబ్‌సైట్‌లో గానీ, వినియోగదారుల సేవా కేంద్రంలో గానీ బిల్లు మీది యూఎస్‌సీ నంబరుతో (మీ కనెక్షన్ గుర్తింపు నంబరు) అదనపు లోడు అడగాలి. పాత బకాయి ఉంటే ముందు కట్టేయండి.

ఎక్కువమంది వెనక్కి వచ్చేది పేరు దగ్గర. సర్వీసు ఎవరి పేరున ఉందో దరఖాస్తూ వారి పేరునే పోవాలి. బిల్లు మీద తాతగారి పేరో, ఇల్లమ్మిన ఆసామి పేరో ఉండి, చేతిలో మాత్రం మీ ఆధార్ ఉంటుంది. ఇక్కడే దళారి "పాత పేరు మీదనే లాగిద్దాం" అంటాడు. అలా లాగిస్తే పని అయినట్టే కనిపిస్తుంది కానీ, రేపు డిపాజిట్ వాపసు, మీటరు వివాదం, ఇల్లమ్మకం, ఏది వచ్చినా మళ్లీ అక్కడికే వస్తారు. ముందు పేరు మార్పు, తర్వాత లోడు.

కొన్న ఇల్లయితే రిజిస్టర్డ్ సేల్ డీడ్, తాజా ఇంటి పన్ను రసీదు చాలావరకు సరిపోతాయి. బిల్లు మీది ఇంటి నంబరు, పన్ను రసీదు మీది నంబరు ఒకటేనా అన్నది బయల్దేరేముందే చూసుకోండి. నంబర్లు మారిన వాడల్లో ఇది తరచూ తగులుతుంది. పత్రాల్లో వరంగల్ అర్బన్ అని ఉంటే కంగారు పడొద్దు, 2021లో ఆ జిల్లాకే హనుమకొండ అని పేరు మారింది.

వారసత్వంగా వచ్చిన ఇల్లయితే మరణ ధ్రువీకరణ పత్రం, తహసీల్దారు ఇచ్చే కుటుంబ సభ్యుల ధ్రువపత్రం, మిగతా వారసుల నిరభ్యంతరం, ఇండెమ్నిటీ బాండు (రేపు తగువు వస్తే బాధ్యత నాదేనని రాసిచ్చే హామీ పత్రం) అడుగుతారు. మొదటిదే కొరకరాని కొయ్య. ఎన్నడో ఊళ్లో పోయిన పెద్దాయన మరణం నమోదే అయి ఉండదు. ఏడాది దాటితే దానికి ఆర్డీఓ స్థాయి ఉత్తర్వు కావాలి, అందుకే ఈ పనిని చలి ముదరకముందే మొదలుపెట్టాలి. నిరభ్యంతరం మీద అక్కాచెల్లెళ్ల సంతకాలు కూడా ఉండాలి, పెళ్లయి వెళ్లారని వదిలేస్తే అక్కడే ఆపుతారు. సంతకాలకు ఇంటి వాటాతో సంబంధం లేదని, కరెంటు సర్వీసు వరకేనని ఆ కాగితంలోనే రాయించండి. తగువులు తగ్గుతాయి.

లోడు మంజూరయ్యేటప్పుడు కట్టేవి డెవలప్‌మెంట్ చార్జీ, సెక్యూరిటీ డిపాజిట్. రసీదు వచ్చే దారిలోనే కట్టండి, చేతికి ఇచ్చిన డబ్బుకు లెక్క ఉండదు. దరఖాస్తు నంబరు రాసిపెట్టుకోండి. కదలకపోతే కరెంటు ఫిర్యాదుల నంబరు 1912కు ఫోన్ చేయండి, అదీ కాకపోతే వినియోగదారుల సమస్యల పరిష్కార వేదికకు రాతపూర్వకంగా ఇవ్వండి.

లోడు పెంచితే ఉచిత కరెంటు పథకం గృహజ్యోతి పోతుందేమోనని చాలామంది జంకుతారు. ఆ పథకం చూసేది నెలకు 200 యూనిట్ల పరిమితిని. అయితే 2 కిలోవాట్ల గీజర్ రోజూ గంట నడిస్తే నెలకు 60 యూనిట్లు. ఇప్పటికే 150 దగ్గర ఉన్న ఇల్లు దాంతో 200 దాటుతుంది, ఆ నెల బిల్లు మొత్తం కట్టాల్సిందే. స్నానానికి పావుగంట ముందు వేసి, వేడెక్కగానే ఆపేస్తే సగానికి సగం తగ్గుతుంది.