పీకేజీసోర్స్‌లో బ్యాకప్ టూల్ ప్యాకేజీని చూసుకోవడం ఎలా?

పీకేజీసోర్స్ అనేది నెట్‌బీఎస్‌డీ అనే యూనిక్స్ తరహా ఆపరేటింగ్ సిస్టమ్ వాళ్ల ప్యాకేజీల (ఇన్‌స్టాల్ చేసుకునే సాఫ్ట్‌వేర్ల) సేకరణ. ఫ్రీబీఎస్‌డీ అనే ఇంకో సిస్టమ్‌కున్న ఇలాంటి సేకరణ పోర్ట్స్‌ను ఆధారం చేసుకుని 1997లో మొదలైంది. ఇప్పుడు లినక్స్ మీదా, మాక్‌ఓఎస్ మీదా నడుస్తుంది. ఏదైనా ప్యాకేజీ మేక్‌ఫైల్‌లో (దాన్ని ఎలా బిల్డ్ చేయాలో చెప్పే ఫైలులో) మెయింటైనర్, అంటే దాన్ని చూసుకునే మనిషి, వరుస చూడండి. అక్కడ ఒక మనిషి కాకుండా అందరి ఉమ్మడి చిరునామా ఉంటే, దాన్ని ప్రత్యేకంగా పట్టించుకునేవాళ్లు లేరని అర్థం. మీరు ముందుకు రావచ్చు. ఇక్కడ ఆర్‌డిఫ్-బ్యాకప్ అనే పైథాన్ బ్యాకప్ టూల్‌ను ఉదాహరణగా తీసుకుంటున్నాను.

ముందు టూల్ పనితీరు తెలుసుకోండి

ఆర్‌డిఫ్-బ్యాకప్ తాజా కాపీని మామూలు ఫైళ్లుగానే ఉంచుతుంది. పాత రూపాలకు వెనక్కి వెళ్లడానికి కావాల్సిన తేడాలను మాత్రం విడిగా ఒక డైరెక్టరీలో దాస్తుంది. ఆ తేడాలు లెక్కగట్టేది లిబ్‌ఆర్‌సింక్ లైబ్రరీ. పోయిన నెల ఫైలు కావాలంటే ఇవాళ్టి ఫైలు నుంచి ఒక్కో తేడా కలుపుకుంటూ వెనక్కి నడవాలి. మధ్యలో ఒక్కటి చెడినా ఆ ఫైలుకు అంతకు ముందున్న చరిత్ర దక్కదు.

దీని గతం కూడా కొంచెం తెలిసి ఉండాలి. 2009లో 1.2.8 వచ్చింది, ఆ తర్వాతి పెద్ద విడుదల 2.0 వచ్చేసరికి 2020 అయింది. ఈలోగా 2015లో లిబ్‌ఆర్‌సింక్ 1.0 వచ్చి ఒక ఫంక్షన్‌కు అదనపు ఆర్గ్యుమెంట్ పెట్టింది. దాంతో 1.2.8 బిల్డ్ అవడం మానేసింది. అన్నేళ్లూ అది జనం మెషీన్లలో నడిచిందంటే ప్యాకేజీలు చూసుకునేవాళ్లు మోసుకొచ్చిన చిన్న ప్యాచ్‌ల వల్లే.

వెర్షన్ మార్చడం

మేక్‌ఫైల్‌లో వెర్షన్ మార్చండి. పీకేజీ రివిజన్ (టూల్ వెర్షన్ మారకుండా ప్యాకేజీ మాత్రం మారిందని చెప్పే నంబర్) వరుస ఉంటే తీసేయండి. మేక్‌సమ్ నడిపితే డిస్ట్‌ఇన్ఫో ఫైలులో కొత్త చెక్‌సమ్‌లు (డౌన్‌లోడ్ చేసిన ఫైలు సరైనదేనని తేల్చే సంఖ్యలు) పడతాయి.

గిట్‌హబ్ దానంతటదే తయారుచేసే ఆర్కైవ్ జోలికి మాత్రం వెళ్లకండి. ఈ టూల్ తన వెర్షన్ నంబర్‌ను సెటప్‌టూల్స్-ఎస్‌సీఎం అనే పైథాన్ టూల్ ద్వారా గిట్ చరిత్ర నుంచి తెలుసుకుంటుంది. గిట్ చరిత్ర లేని ఆర్కైవ్‌లో ఆ నంబర్ దొరకదు. డెవలపర్లు విడుదలతో పాటు పెట్టిన టార్‌బాల్ (సోర్స్ కోడ్ మూట) తీసుకోండి.

బిల్డ్ అయ్యాక ప్రింట్-పీలిస్ట్‌తో ఫైళ్ల జాబితా సరిచూసి, ప్యాకేజీలో తప్పులు పట్టే పీకేజీలింట్ నడపండి. వెర్షన్ మారకపోయినా లిబ్‌ఆర్‌సింక్ లైబ్రరీ ఇంటర్‌ఫేసో, డిఫాల్ట్ పైథాన్ వెర్షనో మారితే పీకేజీ రివిజన్ పెంచాల్సిందే. ఇందులో సీ భాషలో రాసిన భాగం ఉంది, అది ఒక పైథాన్ వెర్షన్‌కు బిల్డ్ అయితే ఇంకోదాంతో పనిచేయదు.

అసలు పరీక్ష: రీస్టోర్

వేరే ప్యాకేజీలకైతే బిల్డ్ అయి, టెస్టులు పాసైతే కమిట్ చేసేయొచ్చు, అంటే పీకేజీసోర్స్‌లో చేర్చేయొచ్చు. దీనికి అలా కుదరదు. ఇది రాత్రిపూట క్రాన్‌లో (పెట్టిన వేళకు పనులు నడిపే ప్రోగ్రామ్‌లో) ఎవరూ చూడనప్పుడు నడుస్తుంది, తప్పు బయటపడేది డిస్క్ పోయిన రోజున.

పాత వెర్షన్ ఇంకా ఇన్‌స్టాల్ అయి ఉండగానే ఒక చిన్న డైరెక్టరీ తయారుచేయండి. అందులో సింబాలిక్ లింకులు, హార్డ్ లింకులు, ఖాళీ ఫైళ్లు, రకరకాల పర్మిషన్లు ఉండాలి. తెలుగు పేర్లున్న ఫైళ్లు కూడా పెట్టండి, అది భాషాభిమానంతో చెబుతున్న మాట కాదు. యూటీఎఫ్-8లో ఒక్కో తెలుగు అక్షరసంకేతానికి 3 బైట్లు పడతాయి, గుణింతం గుర్తులకు మళ్లీ విడిగా. చాలా ఫైల్‌సిస్టమ్‌లలో పేరుకు 255 బైట్లే హద్దు. ఆర్‌డిఫ్-బ్యాకప్ పాత తేడాలకు పేరు పెట్టేటప్పుడు అసలు పేరు చివర తేదీ, సమయం తగిలిస్తుంది. కాస్త పొడుగు తెలుగు పేరైతే హద్దు దాటిపోతుంది. అలాంటి పేర్లను టూల్ వేరే దారిలో సర్దుతుంది. ఇంగ్లిష్ పేర్లతో మాత్రమే పరీక్షిస్తే ఆ దారి తొక్కడం అరుదు.

ఇక ఫైళ్లు మారుస్తూ, కొన్ని తీసేస్తూ పాత వెర్షన్‌తో మూడు నాలుగు బ్యాకప్‌లు తీయండి. ప్రతిసారీ ఎమ్‌ట్రీ అనే టూల్‌తో ఆనాటి డైరెక్టరీ వివరాలు (పర్మిషన్లు, ఓనర్లతో సహా) రాసి పెట్టుకోండి. ఇప్పుడు కొత్త వెర్షన్ ఇన్‌స్టాల్ చేసి, అదే రిపాజిటరీ (బ్యాకప్‌లు దాచిన డైరెక్టరీ) మీద ఇంకో బ్యాకప్ తీసి, ఒక్కో పాత తేదీకీ రీస్టోర్ చేయండి. వచ్చినదాన్ని ఎమ్‌ట్రీ వివరాలతో పోల్చండి. డిఫ్‌తో పోలిస్తే లోపలి విషయమే తెలుస్తుంది, పర్మిషన్లు, ఓనర్లు తెలియవు. ఏసీఎల్‌లు (ఎవరికి ఏ అనుమతో చెప్పే అదనపు జాబితాలు), ఎక్స్‌టెండెడ్ ఆట్రిబ్యూట్‌ల (ఫైలుకు తగిలించే అదనపు వివరాల) కోసం విడి పైథాన్ మాడ్యూళ్లు కావాలి, అవి లేకపోయినా బ్యాకప్ ఆగదు, ఆ సమాచారం మాత్రం పోతుంది. లినక్స్ మీద వాడేవాళ్లను కూడా గుర్తుంచుకుని ఈ పరీక్ష చేయండి.

వాడేవాళ్లకు ముందే చెప్పండి

1.2.8కీ 2.0కీ రిపాజిటరీ ఫార్మాట్ ఒకటే, కానీ నెట్‌వర్క్ మీద అవి రెండూ మాట్లాడుకోలేవు. ఒక వైపు మాత్రమే అప్‌గ్రేడ్ చేస్తే బ్యాకప్ ఆగిపోతుంది. ఇలాంటి మార్పు ఉన్నప్పుడే మెసేజ్ ఫైలు వాడండి. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు అది తెర మీద కనిపిస్తుంది. ప్రతి చిన్నదానికీ వాడితే ఎవరూ చదవరు.

ఎప్పుడు కమిట్ చేయాలి?

పీకేజీసోర్స్‌లో మూడు నెలలకోసారి స్టేబుల్ బ్రాంచ్ (పెద్ద మార్పులు చేర్చని నిలకడైన రూపం) వస్తుంది, దానికి ముందు ఫ్రీజ్ (పెద్ద మార్పులు ఆపే సమయం) ఉంటుంది. పెద్ద వెర్షన్ మార్పును బ్రాంచ్ వచ్చిన వెంటనే పెట్టండి, అప్పుడు లోపాలు బయటపడటానికి దాదాపు మూడు నెలలు దొరుకుతాయి. స్టేబుల్ బ్రాంచ్‌లోకి భద్రతా సవరణలు, బిల్డ్ సవరణల్లాంటివే అడగండి. మీకు కమిట్ హక్కు లేకపోతే పీకేజీసోర్స్-విప్‌లో (ఇంకా పని జరుగుతున్న ప్యాకేజీల చోట) పెట్టి, పరీక్షించిన తీరు వివరంగా రాసి, హక్కు ఉన్నవాళ్లను చూడమనండి.