పాత బోటు ఇంజను – ఐదో పాఠం: కారని లీకు

పెట్రోలును గాలితో కలిపి ఇంజనుకు అందించే కార్బురేటర్‌ను విప్పి కడగడం కిందటి పాఠంలో చెప్పాను. అది ఎప్పుడు విప్పాలో ముందు చెప్పకుండా, ఎలా విప్పాలో చెప్పడం నా పొరపాటు. ఈసారి పెట్రోలు పంపు గురించి రాయాలనుకున్నాను గానీ, నెల రోజులుగా వస్తున్న ఫోన్లు ఆ పంపును పక్కన పెట్టించాయి. దాదాపు అందరి మాటా ఒకటే: "మాస్టారూ, మీరు చెప్పినట్టే కడిగాం. అయినా రెండు నిమిషాలు తిరిగి ఆగిపోతోంది."

ముందు కిందటి పాఠం మిగిల్చిన గాయాలకు కట్టు కడదాం.

కార్బురేటర్‌లో పెట్రోలును కొలిచి వదిలే చిన్న ఇత్తడి ముక్క జెట్. దాని రంధ్రంలో పిన్నీసు గుచ్చినవారు కొత్త జెట్ కొనుక్కోండి. దాని తల మీద అంకె ఉంటుంది, అదే అంకె అడగండి. మెత్తటి ఇత్తడికి ఉక్కు పిన్ను తగిలితే రంధ్రం పెద్దదవుతుంది, ఆ తరువాత ఇంజను నల్లగా పొగ కక్కుతూ ప్లగ్గును తడిపేస్తుంది. రబ్బరు ప్యాకింగులను కూడా కార్బురేటర్ క్లీనర్‌లో రాత్రంతా నానబెట్టినవారు ఆ ప్యాకింగుల ఆశ వదులుకోండి, ఉబ్బిన రబ్బరు మళ్లీ కుదించుకోదు. ఐడిల్ స్క్రూ, అంటే ఇంజను నెమ్మదిగా తిరిగేటప్పుడు పెట్రోలు, గాలి పాళ్లు సర్దేది, ఎన్ని చుట్లు తిప్పి తీశారో లెక్క పెట్టుకోనివారు దాన్ని చేతి బలం వాడకుండా నెమ్మదిగా చివరిదాకా బిగించి, ఒకటిన్నర చుట్టు వెనక్కి తిప్పి మొదలుపెట్టండి. కార్బురేటర్‌లో పెట్రోలు మీద తేలే ఫ్లోట్‌ను తలకిందులుగా బిగించిన పెద్దమనిషి మళ్లీ నాకు ఫోను చేయనక్కరలేదు, మీ ఉత్తరం అందింది.

ఇప్పుడు అసలు సంగతి. ఇంజను ఆగిపోవడానికి కారణం పెట్రోలు అందకపోవడమేనా? స్పార్కు ఉందని రెండో పాఠంలో చూపినట్టు తేల్చుకున్నాక, కార్బురేటర్ గొంతులో అర చెంచా ఆయిలు కలిపిన పెట్రోలు పోసి తాడు లాగండి. రెండు మూడు సెకన్లు అందుకుని చచ్చిపోతే పెట్రోలు రావడం లేదన్నమాట. అస్సలు అందుకోకపోతే ఈ పాఠం మీకు కాదు, రెండో పాఠానికి వెళ్లండి. ఆయిలు పాళ్లు యాభైకి ఒకటి అంటే లీటరుకు 20 మిల్లీలీటర్లు. మరీ పాత ఇంజన్లలో ఇంకా ఎక్కువ అడిగేవి ఉన్నాయి, మీ పుస్తకంలో ఏముందో అదే వేదం.

పెట్రోలు రావడం లేదని తేలాక మనవాళ్ల చేయి నేరుగా స్పానర్ మీదికి పోతుంది. పోకూడదు. ట్యాంకు నుంచి ఇంజనుకు వచ్చే పైపు మధ్యలో ఉన్న రబ్బరు బల్బు మీదికి పోవాలి. ఆ బల్బు డాక్టరు పట్టుకునే నాడి లాంటిది, దాన్ని చదవడం వస్తే సగం రోగాలు విప్పకుండానే తెలుస్తాయి.

బల్బు మీద బాణం గుర్తు ఇంజను వైపు చూడాలి. ఆ కొస పైకి ఉండేలా నిలువుగా పట్టుకుని నొక్కండి, లోపలి వాల్వులు అలా పట్టుకుంటేనే సరిగా కూర్చుంటాయి. ఏడెనిమిది సార్లు నొక్కేసరికి గట్టిపడాలి. గట్టిపడింది, అయినా కార్బురేటర్‌లోకి చుక్క రాలేదంటే బల్బు తరువాత ఎక్కడో మూసుకుపోయింది: ఫిల్టరో, ఇరుక్కున్న నీడిలో (కార్బురేటర్ నిండగానే పెట్రోలు దారి మూసే సూది). ఎంత నొక్కినా గట్టిపడకుండా చేతికి గాలి తగులుతున్నట్టుంటే బల్బుకు ట్యాంకు వైపున గాలి దూరుతోంది, లేదా బల్బు వాల్వే పోయింది. గట్టిపడకపోగా కార్బురేటర్ నుంచి పెట్రోలు పొంగుతోందంటే నీడిల్ మూసుకోవడం లేదు. నడుస్తున్నప్పుడు బల్బు చప్పిడి బుగ్గలా లోపలికి పీల్చుకుపోతే ట్యాంకు వైపు దారి మూసుకుంది. అన్నట్టు, ఇంజను నడుస్తున్నప్పుడు బల్బు కొంచెం మెత్తగా ఉండటం సహజం, దానికి కంగారుపడి బల్బు మార్చకండి.

ఇంకొకటి. ఇంజను కూలబడబోతున్న క్షణంలో పక్కన ఒక మనిషిని పెట్టి బల్బు నొక్కించండి. మళ్లీ లేచి తిరిగితే కార్బురేటర్ నిర్దోషి, పంపు దాకా పెట్రోలు రావడంలోనో, పంపులోనో ఉంది లోపం. ఎంత నొక్కినా లేవకపోతే అప్పుడు, అప్పుడు మాత్రమే, కిందటి పాఠం తెరవండి.

ఇక నన్ను విసిగించిన మాట దగ్గరికి వద్దాం. "పైపంతా చూశాం మాస్టారూ, ఎక్కడా లీకు లేదు, పొడిగా ఉంది."

పొడిగానే ఉంటుంది! మన ఇళ్లలో సంపు మీద మోనోబ్లాక్ మోటారు గుర్తు తెచ్చుకోండి. మోటారు నుంచి మిద్దె మీది ట్యాంకుకు పోయే పైపులో పగులుంటే నీళ్లు చిమ్ముతాయి, గోడ తడుస్తుంది, పక్కింటివారు వచ్చి చెబుతారు. సంపులోంచి మోటారుకు వచ్చే పైపులో పగులుంటే? ఒక్క చుక్క బయటికి రాదు. మోటారు హోరుమంటుంది, పైన ట్యాంకు ఎండిపోతుంది. ప్లంబరు వచ్చి గాలి లాగుతోంది అంటాడు. ఒకటే పైపు, ఒకటే పగులు, అది మోటారుకు ఏ పక్కన ఉందన్నదాన్ని బట్టి తడి, పొడి.

మీ బోటులోనూ అంతే. ఇంజను నడుస్తున్నప్పుడు ట్యాంకు నుంచి పంపు దాకా ఉన్న పైపంతా పీల్చే పక్క. అక్కడ కన్నం పడితే పెట్రోలు బయటికి రాదు, గాలి లోపలికి పోతుంది. "మరి బల్బు నొక్కి చూశాం కదా" అంటారు. బల్బు నొక్కినప్పుడు ఒత్తిడి పడేది బల్బు నుంచి ఇంజను దాకానే, కాబట్టి ఆ ముక్కలో లీకుంటే కారుతుంది, నిజమే. ట్యాంకు నుంచి బల్బు దాకా ఉన్న ముక్క మాత్రం మీరు నొక్కినా పీల్చే పక్కే, ఇంజను తిరిగినా పీల్చే పక్కే. ఆ రెండు వేళల్లోనూ అది కారదు. అక్కడ సబ్బు నీళ్లు రాసి బుడగ కోసం ఎదురుచూసినవారు ముగ్గురు. లోపల ఒత్తిడి ఉంటేగా బుడగ రావడానికి?

ఆ మధ్య ఒక ఉదయం హుస్సేన్ సాగర్ ఒడ్డున ఒక చిన్న కాపలా పడవ ఇంజను చూడటానికి వెళ్లాను. పదిహేను హార్స్ పవర్, టూ స్ట్రోక్. నెమ్మదిగా తిరిగితే చక్కగా తిరుగుతుంది, బుద్ధ విగ్రహం వైపు జోరుగా పోనిస్తే సగం దూరంలో నీరసపడుతుంది. అప్పటికి కార్బురేటర్ మూడు సార్లు విప్పారు. నేను పంపు ముందర జానెడు పారదర్శకమైన గొట్టం అతికించి, ఇంజను తిప్పమన్నాను. మొదటి నిమిషం బుడగలు మామూలే. రెండో నిమిషం దాటినా సగ్గుబియ్యం గింజల్లా ఒకదాని వెనక ఒకటి వస్తూనే ఉన్నాయి. గొట్టాన్ని బల్బుకు ట్యాంకు వైపుకు మార్చాను, అక్కడా అవే గింజలు. ఇక మిగిలింది ట్యాంకు మీది కనెక్టర్. దాని చుట్టూ వేలితో గ్రీజు దట్టంగా పూశాను. బుడగలు ఆగిపోయాయి. లోపలి ఓ-రింగ్ అనే రబ్బరు వలయం తీసి చూస్తే, గోటితో వంచగానే పగుళ్లు తెరుచుకున్నాయి. ఆ కనెక్టర్ ట్యాంకు పైభాగాన, పెట్రోలు మట్టానికి పైన ఉంటుంది, ఇంజను ఆపినా అక్కడ కారేదేమీ లేదు. మూడు సార్లు విప్పినవాళ్ల తప్పేమీ లేదు, చేత్తో తడిమితే పొడిగానే ఉంది మరి. నెమ్మదిగా తిరిగితే ఎందుకు బాగుందంటారా? ఆ సైజు ఇంజను జోరు మీద గంటకు ఐదారు లీటర్లు తాగుతుంది, అంటే నిమిషానికి దాదాపు వంద మిల్లీలీటర్లు. నెమ్మది మీద అందులో చిన్న వంతు చాలు, కాస్త గాలి కలిసినా నెట్టుకొస్తుంది.

పారదర్శక గొట్టం సికింద్రాబాద్ రాణిగంజ్‌లో ఏ పైపుల దుకాణంలోనైనా దొరుకుతుంది, మేస్త్రీలు మట్టం చూసేదే. పరీక్షకే సుమా. పెట్రోలులో అది కొన్నాళ్లకే కర్రలా బిగుసుకుంటుంది, ఇంజనుకు శాశ్వతంగా వేయకండి. గ్రీజు కూడా దొంగను పట్టుకోవడానికే, మందు కాదు. కనెక్టర్లకు టెఫ్లాన్ టేపు చుట్టవద్దు, దాని పోగులు వెళ్లి నీడిల్ దగ్గర కూర్చుంటాయి.

నిజం చెప్పాలంటే, నేను ఇవన్నీ వరసగా చేయను. నా దగ్గర ఒక చిన్న ట్యాంకు, దానికి మంచి పైపు, బల్బు ఎప్పుడూ సిద్ధంగా ఉంటాయి. వెళ్లగానే వాటిని తగిలిస్తాను. ఇంజను బాగా నడిస్తే లోపం వాళ్ల ట్యాంకు పైపుల్లో, నడవకపోతే ఇంజనులో. ఐదు నిమిషాల పని. కానీ ఇది మొదటే చెబితే మీరు బల్బు చదవడం నేర్చుకోరు.

మిగిలినవి గబగబా. ట్యాంకు మూత మీది గాలి స్క్రూ తెరిచారా? మూసి ఉంటే ఇంజను కాసేపు నడిచి ఆగుతుంది, మూత విప్పితే "హుస్"మని గాలి లోపలికి పోతుంది. నిండు ట్యాంకుతో తొందరగా ఆగుతుంది, అడుగంటిన ట్యాంకుతో చాలాసేపు నడుస్తుంది, ఎందుకంటే ఖాళీలో ఉన్న గాలి అంతసేపు సర్దుకుంటుంది. మే నెల ఎండలో అదే స్క్రూ మూసి, పైపు తగిలించి వదిలేస్తే తిరకాసు: ట్యాంకు ఉబ్బి పెట్రోలును కార్బురేటర్‌లోకి తోస్తుంది.

పైపు పైకి బాగుండి లోపల పొర ఊడిపోవడం ఇంకో జబ్బు. ఊడిన పొర పీల్చినప్పుడు తలుపులా మూసుకుంటుంది, ఇంజను ఆపితే తెరుచుకుంటుంది. పైపు పాతకాలపుదైతే అనుమానించండి. 2023 నుంచి మన బంకుల్లోకి 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు వచ్చింది, దాన్ని దృష్టిలో పెట్టుకుని చేయని పాత రబ్బరుకు అది గిట్టదు. పైగా ఇథనాల్ నీటిని లాక్కుంటుంది. నెలల తరబడి ట్యాంకులో మిగిలిన పెట్రోలును అడుగు నుంచి తీసి గాజు సీసాలో పోసి అరగంట ఉంచండి. కింద వేరే పొర కనిపిస్తే కార్బురేటర్‌ను తిట్టకండి.

పంపు డయాఫ్రం, అంటే లోపలి పల్చటి పొర, చిరిగితే పెట్రోలు నేరుగా ఇంజను లోపలి క్రాంక్‌కేసులోకి పోయి పొగ పెరుగుతుంది. దాని సంగతి ఆరో పాఠంలో.

అభ్యాసం. ఇది ఒక ఆదివారమంతా తింటుంది. బాగా నడిచే ఇంజనును ఆరుబయట, గాలి ఆడే చోట, నీళ్లు నింపిన డ్రమ్ములో పెట్టండి. నీళ్లు పీల్చుకునే జాలీ బాగా మునగాలి, లేకపోతే ఇంజనును చల్లబరిచే నీళ్లు తోడే ఇంపెల్లర్ కాలిపోతుంది. గేరు న్యూట్రల్‌లో, అత్యవసరంగా ఆపే తాడు మణికట్టుకు. చుట్టుపక్కల బీడీ, సిగరెట్టు కనబడకూడదు. ఇంజను ఆపి ఉన్నప్పుడు మీకు కనబడకుండా ఇంట్లో ఒకరు ఈ నాలుగింటిలో ఏదో ఒకటి చేయాలి: గాలి స్క్రూ మూయడం, ట్యాంకు దగ్గరి క్లిప్పు వదులు చేయడం, బల్బు తలకిందులుగా బిగించడం, ఏమీ చేయకపోవడం. నాలుగోది అన్నిటికన్నా కష్టం. మీరు స్పానర్ ముట్టకుండా, ట్యాంకు వైపు తొంగిచూడకుండా, ఒక చేయి ఇంజను దగ్గరి పైపు మీద, ఒక చేయి బల్బు మీద పెట్టి ఏది జరిగిందో చెప్పాలి. బాణం గుర్తు మీద బట్ట చుట్టండి. పన్నెండు సార్లు చేయండి, నిండు ట్యాంకుతో ఆరు, సగం ట్యాంకుతో ఆరు. ప్రతిసారీ ఇంజను ఎన్ని సెకన్లకు ఆగిందో, బల్బు చేతికి ఎలా తగిలిందో రాయండి.

ఆ కాగితం నాకు పంపండి. తళతళలాడే కార్బురేటర్ల ఫోటోలు మాత్రం వద్దు, నా దగ్గర చాలా ఉన్నాయి.