పత్తి మొక్క నిలువునా వాడిపోతోందా? మందు కొనేముందు వేరు చూడండి

ఆగస్టులో వానలు మొహం చాటేసి ఎండ కాసిందంటే చండూరు, దేవరకొండ, కల్వకుర్తి చెల్కల్లో ఒకటే మాట: "నిన్న సాయంత్రం బాగానే ఉంది, పొద్దున చూస్తే వాలిపోయింది." ఈ ఒక్క మాట చెప్పి మందు తెచ్చుకుంటే చాలాసార్లు డబ్బు నేలపాలే. పైకి ఒకేలా వాడిన మొక్కలకు కింద వేర్వేరు కారణాలుంటాయి, ఒకదానికి వాడే మందు ఇంకోదానికి పనికిరాదు. అందుకే పూర్తిగా ఎండిన మొక్కతో పాటు పక్కనే సగం వాడిన మొక్కను కూడా పీకి చూడండి. అసలు గుర్తులు సగం వాడినదాంట్లోనే బాగా కనిపిస్తాయి.

పట్టుకుని లాగితే తేలిగ్గా ఊడి వస్తోంది

ఇది వేరుకుళ్ళు. పిల్లవేర్లన్నీ కుళ్ళి మట్టిలోనే ఉండిపోతాయి, తల్లివేరు ఒక్కటే చేతికొస్తుంది. గోటితో గీకితే బెరడు జిగటగా, పీచుపీచుగా ఊడుతుంది. బెరడు కింద కట్టె మీద బొగ్గుపొడి చల్లినట్టు సన్నని నల్ల చుక్కలు కనిపిస్తే ఇక అనుమానం అక్కర్లేదు. అవి రైజోక్టోనియా బటాటికోలా అనే శిలీంద్రం బీజాలు. పంట తీసేసినా ఇవి మట్టిలో ఏళ్ల తరబడి బతికే ఉంటాయి. నేల వేడి 35 డిగ్రీలు దాటి, తేమ తగ్గినప్పుడు విజృంభిస్తాయి. చేనంతా ఒకేసారి పోదు. ఒకచోట మొదలై గుండ్రంగా మచ్చలా విస్తరిస్తుంది.

వాడిన మొక్క తిరిగి లేవదు, దాని మీద మందు ఖర్చు పెట్టొద్దు. కాపాడాల్సింది చుట్టూ ఉన్న రెండు మూడు సాళ్లను. లీటరు నీటికి 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ గానీ, 1 గ్రాము కార్బెండజిమ్ గానీ కలిపి, పంపు నాజిల్ తీసేసి, మొక్క మొదట్లో వేరు దాకా దిగేలా పోయండి. ఆకుల మీద పిచికారీ చేస్తే వేరుకు అందదు. చాలామంది తప్పేది ఇక్కడే. మట్టి బాగా ఎండి ఉంటే ముందు ఒక తేలికపాటి తడి ఇచ్చి, తర్వాత మందు పోయండి. పీకిన మొక్కల్ని గట్టు మీద పారేయకుండా, పెంటకుప్పలో వేయకుండా కాల్చేయాలి. మచ్చ ఉన్న భాగంలో గుంటుక చివర్లో తోలండి, లేదంటే ఆ మట్టి మంచి సాళ్లలోకి చేరుతుంది.

నెట్‌లో 'నల్ల వేరుకుళ్ళు' అని వెతికితే ఆస్ట్రేలియా, అమెరికా పత్తి ఫొటోలు వస్తాయి. అది థీలావియోప్సిస్ అనే వేరే శిలీంద్రం. 20 డిగ్రీలలోపు చల్లటి నేలల్లో లేత మొక్కల వేర్లను నల్లబరుస్తుంది. మన వానాకాలం నేలల వేడి దానికి అనుకూలం కాదు, కాబట్టి ఆ సలహాలు చూసి టెన్షన్ పడొద్దు.

వేరు గట్టిగా, తెల్లగా ఉంది, అయినా వాడింది

ఇది తెగులే కాదు. చాలా రోజులు బెట్ట మీదున్న చేనులో ఒక్కసారిగా పెద్ద వాన పడితేనో, బోరు నీళ్లు నిండుగా పెడితేనో గంటల వ్యవధిలో మొక్కలు వాలిపోతాయి. పారావిల్ట్ అంటారు. పూత, కాయ నిండుగా ఉన్న మొక్కల్లో, నీరు నిలిచే రేగడిలో ఎక్కువ. మొదట చేయాల్సింది సాలు కోసి నీళ్లు బయటికి తీయడం. కోబాల్ట్ క్లోరైడ్ (లీటరుకు 10 మిల్లీగ్రాములు) దొరికితే మొదటి రోజే పిచికారీ చేయాలి, ఆలస్యమైతే ఫలితం ఉండదు. లేకపోతే కాపర్ ఆక్సీక్లోరైడ్ లీటరుకు 3 గ్రాముల చొప్పున మొదళ్లలో పోసి, మొక్క తేరుకుంటున్నప్పుడు 13-0-45 (పొటాషియం నైట్రేట్) లీటరుకు 10 గ్రాములు పిచికారీ చేయండి.

వేరు మీద కొరికిన గుర్తులుంటే చెదలు లేదా వేరుపురుగు, అక్కడ శిలీంద్రపు మందులతో పనిలేదు. కాండం నిలువునా చీలిస్తే లోపల గోధుమ రంగు గీత కనిపించేది ఎండు తెగులు. అది ఎక్కువగా దేశవాళీ పత్తిలో వస్తుంది.

ఏటా అదే జాగాలో వేరుకుళ్ళు వస్తోంది

అసలు పని ఇక్కడుంది. వచ్చే పంటకు ముందు 90 కిలోల మాగిన పశువుల ఎరువు, 10 కిలోల వేపపిండి, 2 కిలోల ట్రైకోడెర్మా విరిడి (తెగులు శిలీంద్రాన్ని అణిచే మేలు శిలీంద్రం) కలిపి, నీడలో కుప్ప పోసి, తడి గోనెసంచి కప్పండి. వారం పది రోజుల్లో కుప్ప మీద తెల్లగా మొదలై ఆకుపచ్చగా మారే బూజు కనిపిస్తే తయారైనట్టే. నేలలో తేమ ఉన్నప్పుడు ఎకరం మీద చల్లి కలియదున్నండి. ఎండిన మట్టిలో చల్లితే అది బతకదు. రసాయన శిలీంద్రనాశినితో కలిపి వాడినా చస్తుంది, రెండింటి మధ్య పదిహేను రోజులు ఎడం ఉండాలి.

పంట మార్పిడి అనగానే పత్తి తీసి ఆముదమో, కందో, వేరుశనగో వేస్తారు. ఈ శిలీంద్రం వాటి మీదా బతుకుతుంది. జొన్నలో కూడా చివర్లో బెట్ట తగిలితే మసికుళ్ళు తెస్తుంది. నీటి వసతి ఉంటే ఒక కారు వరి వేయడమే నా మాట. నెలల తరబడి నీరు నిలిచిన మట్టిలో ఆ బీజాలు బాగా తగ్గిపోతాయి. తెగులు పట్టిన పత్తి కట్టెను రోటవేటర్‌తో అదే చేనులో కలపకండి.

బత్తాయి చెట్టు ఆకు రాల్చి, విపరీతంగా కాసి చస్తోంది

నల్లగొండ తోటల్ని బాధించే ఎండు వేరుకుళ్ళు ఇది. చనిపోయే ముందు చెట్టు ఎక్కువ కాస్తుంది, దాన్ని చూసి రైతు సంతోషపడతాడు. ఆ కాపును సగానికి దింపేయండి. ఎండిన కొమ్మలు, కుళ్ళిన వేర్లు కోసి, 1 శాతం బోర్డో మిశ్రమంతో పాదు బాగా తడపండి. 1 కిలో మైలుతుత్తం, 1 కిలో సున్నం విడివిడిగా ప్లాస్టిక్ డ్రమ్ముల్లో కరిగించి, మైలుతుత్తం నీళ్లను సున్నం నీళ్లలో పోయాలి, అన్నీ కలిసి 100 లీటర్లు. ఇనుప కత్తి ముంచి చూడండి: ఎర్రగా తుప్పు రంగు తేలితే ఇంకా సున్నం కలపాలి. నీళ్లు మొదలుకు తగలకుండా కాండం చుట్టూ చిన్న మట్టి కట్ట వేయండి. కొత్తగా నాటేవాళ్లు రంగపూర్ నిమ్మ మీద కట్టిన అంట్లే అడగండి, జంబేరి నిమ్మ వేరు కంటే ఈ తెగులును అది బాగా తట్టుకుంటుంది.

అప్పటికీ తేల్చుకోలేకపోతే కంపాసాగర్ లేదా పాలెం కృషి విజ్ఞాన కేంద్రానికి మొక్కను తీసుకెళ్లండి. సగం వాడినదాన్ని, లాగకుండా పారతో తవ్వి, మట్టి గడ్డతో సహా, వేరు కడగకుండా కాగితంలో చుట్టి, అదే రోజు.