గెడ్డ పొంగకముందే మెరకలో నీళ్లు ఆపుకోవాలంటే

గెడ్డ, అంటే కొండల మీంచి వచ్చే వాగు, పొంగి కాలనీలోకి నీళ్లొస్తే అందరం అడిగేది ఒకటే, కాలువ వెడల్పు చేయమని. విశాఖలో దానితోనే తీరదు. మనకు కొండకీ సముద్రానికీ మధ్య దూరం తక్కువ. సింహాచలం కొండల మీద, కంబాలకొండ మీద పడ్డ వాన చూస్తుండగానే కిందికి దిగిపోతుంది. ఆ వేళకి సముద్రం పోటు మీదుంటే గెడ్డ చివర నీళ్లు నెమ్మదిస్తాయి, వెనక కాలనీలు మునుగుతాయి. అందుకే నీళ్లను పైనే, చిన్న చిన్న కుంటల్లో కాసేపు ఆపాలి. నేను ఆనందపురం వైపు మట్టిపని చేయించే మేస్త్రీని. తోటల్లో ఈ కుంటలు ఎలా వేయిస్తానో చెబుతాను.

ముందు లెక్క చూసుకోండి. పదెకరాల మీద 10 సెంటీమీటర్ల వాన పడితే సుమారు 40 లక్షల లీటర్లు. సగం నేలలో ఇంకినా 20 లక్షలు కిందికి పారతాయి. 20 మీటర్ల పొడవు, అంతే వెడల్పు, సగటున మీటరు లోతు ఉన్న కుంటలో 4 లక్షల లీటర్లు పడతాయి. అంటే ఐదు కుంటలు. ఒకే పెద్ద కుంట తవ్వొద్దు. ఒక్క గట్టు తెగితే కిందివాళ్ల మీద అన్ని నీళ్లూ ఒకేసారి పడతాయి.

చోటు ఎంచడానికి వాన పడుతుండగా గొడుగేసుకుని తోటంతా తిరగండి. పిల్ల కాలువలు ఎక్కడ కలుస్తున్నాయో అక్కడ కర్ర పాతండి. అసలు గెడ్డకి మాత్రం అడ్డం కట్టొద్దు. అది ప్రభుత్వ భూమి, పైగా ఆ ఉరవడికి మన గట్టు నిలవదు. సొంత భూమిలో వేస్తున్నా పంచాయతీలో ముందే చెప్పండి.

గట్టు వేసే చోట గడ్డి, వేళ్లు, పైమట్టి పూర్తిగా తీసేయాలి. జానెడు మందాన మట్టి పోసి, తడిపి, దిమ్మిసతో గట్టిపడేదాకా కొట్టించి, ఆపైన ఇంకో వరస. ఎత్తు మీటరైతే రెండు పక్కలా వాలు రెండేసి మీటర్లు. ఉత్త ఎర్రమట్టితో కట్టకండి, వానకి కోసుకుపోతుంది. నడుమ బంకమట్టి పెట్టించండి. పైన గరిక, వట్టివేరు చాలు. చెట్లు వద్దు, వేరు చచ్చాక ఆ బొరియలోంచి నీళ్లు దారి చేసుకుంటాయి.

అన్నిటికన్నా ముఖ్యం, ఎక్కువమంది వదిలేసేది అడుగు పైపు. ముందే నిండి ఉన్న కుంట వరదను ఆపలేదు, వచ్చింది వచ్చినట్టే అలుగు, అంటే నిండిన నీళ్లు పొర్లిపోయే దారి, మీంచి పంపేస్తుంది. కాబట్టి గట్టు అడుగున మూడంగుళాల పీవీసీ పైపు వేసి తెరిచే ఉంచండి. పైన చెప్పిన కొలతల కుంట దాదాపు ఒక రోజులో ఖాళీ అవుతుంది, మర్నాటి వానకి చోటు దొరుకుతుంది. దోమలు పెరిగే సమయమూ ఉండదు. పైపు చుట్టూ బంకమట్టి బాగా దట్టించండి, మూతికి జాలీ కట్టండి. వేసవి కోసం నీళ్లు కావాలంటే ఇంకో కుంట విడిగా వేసుకోండి. రెండు పనులూ ఒకదాంతో కుదరవు.

అలుగు గట్టిగా ఉన్న నేలలో, గట్టుకి ఒక పక్కన రాయి పరిచి కట్టాలి. కుంటలు వరసగా ఉంటే పై నీళ్లన్నీ అట్టడుగు కుంటకే చేరతాయి. పదెకరాలకి దాని అలుగు నాలుగు మీటర్లకి తగ్గొద్దు. గట్టు అలుగు కంటే అర మీటరు ఎత్తుండాలి.

ఊరి దిగువన తుంగ, జమ్ము మొలిచిన ఊబ నేల ఉంటే దాని జోలికి పోకండి. ఎర్రమట్టి, ఇళ్ల శిథిలాలు పోసి అలాంటి నేలలు కప్పేస్తుంటే నా కడుపు రగిలిపోతుంది. డబ్బు ఖర్చు లేకుండా వరదను నెమ్మదింపజేసేది, ఒండ్రును పట్టేది అదే. గుర్రపుడెక్క ఒక్కటే తీయించండి.

2014 అక్టోబరు 12 నాటి హుద్‌హుద్ లాంటి తుపానుకి ఈ కుంటలు అడ్డం నిలవలేవు. ఏటా వచ్చే గట్టి వానలకి మాత్రం కిందివాళ్లకి తేడా తెలుస్తుంది.

అక్టోబరు వాయుగుండాల ముందే పైపు మూతి చూసి, పూడిక తీయించండి. ఆ ఒండ్రు కొబ్బరి పాదుల్లో వేసుకోవచ్చు.