వానకాలపు పురుగుకాయను వదిలి చలికాలపు జామను కాయించుకోవడం

పెరట్లో జామచెట్టు ఉన్నవాళ్లు ఎక్కువగా చెప్పుకునే బాధ ఒకటే: కాపు విరగకాస్తుంది, కానీ శ్రావణమాసంలో ఏ పండు కోసినా లోపల తెల్లటి పురుగులే కనిపిస్తాయి. తప్పు చెట్టుది కాదు, కాపు వచ్చే కాలానిది. ఫిబ్రవరి, మార్చి నెలల పూత వానల్లో పండుతుంది. కాయలో గుడ్లు పెట్టి ఆ పురుగులకు కారణమయ్యే పండుఈగ ఉద్ధృతంగా ఉండేది, పండు నీరుపట్టి చప్పబడేది అప్పుడే. జూన్, జూలై పూత మాత్రం నవంబరు నుంచి జనవరి దాకా గట్టిగా, తియ్యగా, సి విటమిన్ ఎక్కువగా ఉన్న కాయలనిస్తుంది. తోటలవాళ్లు మొదటిదాన్ని అంబే బహార్ అనీ, రెండోదాన్ని మృగశిర పేరు మీదుగా మృగ్ బహార్ అనీ అంటారు. మొదటి కాపును వదులుకుని రెండోదాన్ని పట్టుకోవడమే ఇక్కడ చెప్పదలచిన పద్ధతి.

జామ పూత ముదురు కొమ్మల బెరడు మీద నేరుగా రాదు. కొత్తగా వచ్చిన లేత రెమ్మల మీద, ఆకుల మొదళ్లలో వస్తుంది. అందువల్ల మనం ఎప్పుడు చిగుళ్లు తెప్పిస్తే అప్పుడే పూత వస్తుంది. మూడేళ్లు నిండి బాగా వేళ్లూనుకున్న చెట్లకు మార్చి నుంచి నీళ్లు తగ్గిస్తూ రావాలి. ఇసుక నేలల్లోనూ కుండీల్లోనూ పూర్తిగా ఆపితే చెట్టుకే ప్రమాదం కనుక అక్కడ కత్తిరింపు ఒక్కటే చాలు. మే నెలలో, రోహిణి కార్తెకు ముందుగా, ఆ ఏడు పెరిగిన పెన్సిలు మందపు రెమ్మలను వాటి పొడవులో సగానికి కత్తిరించాలి. వాటితోపాటు పూత, పిందెలు కూడా పోతాయి. చేతికందిన పిందెను తీసెయ్యడానికి మనసొప్పదు, కానీ ఇక్కడ జాలిపడితే మళ్లీ వానకాలపు పురుగుకాయే మిగులుతుంది. లావు కొమ్మలను మాత్రం ఈ పనిలో ముట్టుకోకూడదు. ఎండిన కొమ్మ తీయవలసి వస్తే కోసినచోట బోర్డో పేస్టు (మైలుతుత్తం, సున్నం కలిపిన ముద్ద) పూయాలి.

కత్తిరించాక పాదు పైపైన తవ్వి, బాగా చివికిన పశువుల ఎరువు వేసి నీళ్లు పెట్టాలి. లోతుగా తవ్వితే చెట్టుకు ఆహారం అందించే సన్నటి మేతవేళ్లు తెగుతాయి. కొన్ని వారాల్లోనే చిగుళ్లతోపాటు మొగ్గలు కనిపిస్తాయి. పూత నుంచి కోతకు నాలుగైదు నెలలు పడుతుంది. రాలిన పండ్లను ఏరి లోతుగా పాతిపెట్టడం, మగ ఈగలను ఆకర్షించే మిథైల్ యూజినాల్ అనే మందు ఉన్న ఎర బుట్టలు కట్టి వాటిని పట్టడం ఏ కాలంలోనైనా మానకూడదు. కొద్ది చెట్లే ఉంటే, పిందె నిమ్మకాయంత అయ్యేసరికి సంచి తొడగడం అన్నిటికన్నా నమ్మకమైన మార్గం.

ముదురు ఆకుపచ్చ రంగు లేతపడగానే కాయ కోయాలి. జామ కోశాక కూడా పండుతుంది. వంద గ్రాముల పండులో సుమారు 200 మిల్లీగ్రాముల సి విటమిన్ ఉంటుంది, అది తొక్కలోనూ దాని కింది కండలోనూ ఎక్కువ కనుక చెక్కు తీయడం నష్టమే. గులాబిరంగు కండకు ఆ రంగునిచ్చేది లైకోపీన్ అనే ఎర్రటి వర్ణద్రవ్యం. తెల్ల జామలో అది ఉండదు.

మిగిలిన కాయలతో జెల్లీ చేయదలిస్తే పూర్తిగా పండినవి కాక దోరకాయలను ఎంచుకోవాలి, ఎందుకంటే జెల్లీ గడ్డకట్టడానికి కావలసిన పెక్టిన్ కాయ పండే కొద్దీ తగ్గిపోతుంది. ముక్కలు మునిగేంత నీళ్లు పోసి అరగంట ఉడికించి, పిండకుండా గుడ్డలో వేలాడదీసి రసం దిగనివ్వాలి. పిండితే జెల్లీ మసకబారుతుంది. రసానికి ముప్పాతిక వంతు చక్కెర, కొంచెం నిమ్మరసం కలిపి మరగనివ్వాలి. గరిటె వాలిస్తే చుక్కలుగా కారకుండా రేకులా జారినప్పుడు, అంటే సుమారు 105 డిగ్రీల సెల్సియస్ దగ్గర, దించి వేడిగానే పొడి సీసాల్లో పోయాలి. ఈ మరుగులో సి విటమిన్ చాలావరకు పోతుంది కనుక, పచ్చిగా కొరికి తినడానికి మంచి కాయలను ముందే పక్కన పెట్టుకోవాలి.