బైకుకో మిద్దె మీదో టిబెటన్ జెండాలు కట్టాలనుకుంటే ఇట్ల కట్టండి

మన అనంతపురంలో ఇప్పుడు లడఖ్ పోయొచ్చినోళ్ళ బైకులకే కాదు, పోవాలనుకునేవాళ్ళ బైకులకు కూడా ఆ ఐదు రంగుల టిబెటన్ జెండాలు కనిపిస్తాండాయి. చూసేకి బాగుంటాయని కడతారు, తప్పేం లేదు, కానీ అవి డెకరేషన్ ఐటెం కాదు. గుడ్డ మీద అచ్చేసి ఉండేది మంత్రాలు, ప్రార్థనలు. గాలి తగిలినప్పుడల్లా ఆ మంచి చుట్టుపక్కల అందరికీ చేరుతుందని టిబెటన్ల నమ్మకం, కట్టినోళ్ళకి మాత్రమే అని కాదు. కట్టేటప్పుడు కూడా నాకు అది కావాల ఇది కావాల అని కాకుండా అందరూ బాగుండాల అనుకుని కట్టాలంటారు.

కొనేటప్పుడు కాటన్‌వే తీసుకోండి. ఆన్‌లైన్‌లో చీప్‌గా వచ్చేవి చానావరకు పాలిస్టర్, అవి మట్టిలో కలవవు. ఒక గుడ్డ దగ్గరగా పట్టుకుని చూడండి, మధ్యలో వీపు మీద రత్నాలు మోసే గుర్రం, దాన్నే లుంగ్‌తా అంటారు, నాలుగు మూలల్లో పులి, మంచు సింహం, గరుడపక్షి, డ్రాగన్ ఉంటాయి, చుట్టూ టిబెటన్ అక్షరాలు. రంగుల వరస ఎడమ నుంచి కుడికి నీలం, తెలుపు, ఎరుపు, ఆకుపచ్చ, పసుపు. ఆకాశం, గాలి, నిప్పు, నీళ్ళు, భూమి, అంటే మన పంచభూతాలే. వరస తప్పుంటే కొనొద్దు.

వీలైతే కర్ణాటకలో టిబెటన్లు ఉండే బైలకుప్పె పోయి తెచ్చుకోండి, నా మాట వినండి. బెంగళూరు మీదుగా మైసూరు, అక్కడి నుంచి కుశాలనగర్ రోడ్డు. 1959 తర్వాత టిబెట్ వదిలి వచ్చినోళ్ళకు అప్పటి మైసూరు రాష్ట్రం ఇచ్చిన భూమిలో 1960ల మొదట్లో కట్టుకున్న ఊరది, 1963లో మొదలైన నామ్‌డ్రోలింగ్ మఠం అక్కడే, మనోళ్ళు గోల్డెన్ టెంపుల్ అంటారు. చైనా సాంస్కృతిక విప్లవం రోజుల్లో టిబెట్‌లో మఠాలు కూలగొట్టినారు, ఈ జెండాలు కూడా కట్టనీలేదు. ఊరు వదిలి వచ్చినా వీళ్ళు ఆ అలవాటు వదల్లేదు చూడండి, అందుకే నాకు వీటంటే అంత గౌరవం.

మిద్దె మీదయితే ఎత్తులో రెండు కమ్ముల మధ్య, పొద్దున పూట, ఎండా గాలీ ఉన్న రోజు కట్టండి. కరెంటు తీగల దగ్గర వద్దు. ఆషాఢంలో మన సైడు గాలి సంగతి తెల్సు కదా, తాడు బిగించకుండా కొంచెం వదులుగా వేసి ముడి మాత్రం గట్టిగా వేయండి, లేకుంటే చివర్లో తెగిపోతాది. కింద పెట్టొద్దు, తొక్కొద్దు. బైకుకయితే హ్యాండిల్ దగ్గర పైనే, చక్రానికీ సైలెన్సర్‌కీ తగలకుండా, సీటు కింద కాళ్ళు తగిలేచోట అస్సలు వద్దు.

రంగు వెలిసిపోతే కంగారు పడొద్దు, వెలిసిపోవాలనే కడతారు, ప్రార్థన గాలిలో కలిసిపోయిందని లెక్క. ఫిబ్రవరి మార్చిలో వచ్చే వాళ్ళ కొత్త సంవత్సరం లోసర్‌కి కొత్తవి కట్టొచ్చు. పాతవి చెత్తబుట్టలో వేయకుండా శుభ్రమైన చోట కాల్చేయాల. ఇంకొకటి, వాళ్ళ పంచాంగంలో జెండాలు కట్టకూడని రోజులు కూడా ఉంటాయి, కాబట్టి కొన్న అంగట్లోనే "తాషి దెలెక్" అని పలకరించి, ఏ రోజు కడితే మంచిదని అడగండి.